మాటకు కళ్లున్నాయి!

వీసా, వీడియో, సర్వే, ఇంటర్వ్యూ, ఐడియా, స్పెషల్ దోశ... రోజూ మన నోట్లో నలిగే ఈ మాటల మధ్య చుట్టరికం ఏమిటి? అన్నీ చూపులోంచి పుట్టినవే. లాటిన్, గ్రీకుల నుంచి ఇంగ్లిషులోకి వచ్చిన ఆ మాటల్ని విప్పి చూస్తే వాటి వెనక మన విద్య, పరీక్ష, దర్శనం, దిష్టి కూడా కనిపిస్తాయి.

తెల్లవారుతూనే చిలుకూరు గుడి చుట్టూ అడుగుల చప్పుడు మొదలవుతుంది. ఒక చేతిలో 108 గళ్ల కార్డు, మరో చేతిలో పెన్ను. ఒక్కో ప్రదక్షిణ పూర్తికాగానే ఒక్కో గడి కొట్టేసుకుంటూ, గోవింద నామం చెప్పుకుంటూ నడుస్తుంటారు. కోరిక చెప్పుకోవడానికి 11 ప్రదక్షిణలు, అది తీరాక 108. విదేశాలకు వెళ్లాలనుకునే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఎక్కువగా వస్తుంటారు కాబట్టి ఇక్కడి స్వామికి వీసా బాలాజీ అన్న పేరు స్థిరపడిపోయింది.

ఇంతకీ వీసా అంటే ఏమిటి? లాటిన్‌లో 'కార్తా వీసా' అంటే 'చూసిన కాగితం'. అధికారి ఈ పత్రాన్ని చూశాడు, ఇక వెళ్లవచ్చు అని చెప్పే గుర్తు. మాట అక్కడి నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చేసరికి కాగితం రాలిపోయి, 'చూసినది' అన్న ముక్క ఒక్కటే మిగిలింది. చిలుకూరులో మనం చేసుకునే దర్శనం అన్న మాటకూ అర్థం చూడటమే. స్వామిని చూసి వస్తే మన కాగితాన్ని అధికారి చూస్తాడన్నది ఆ భక్తుల నమ్మకం. ఒక చూపు కోసం మరో చూపును ఆశ్రయించడం!

లాటిన్‌లో చూడటానికి రెండు పెద్ద క్రియలున్నాయి: 'విదేరె', 'స్పెకెరె'. గ్రీకులో 'స్కోపేన్' అంటే పరికించి చూడటం, 'ఆప్సిస్' అంటే చూపు. ఇంగ్లిషులోని వందల మాటలకు ఈ నాలుగే గుమ్మాలు. వీటిలో చాలా మాటలు మనం తెలుగులోనే వాడేస్తున్నాం. టిఫిన్ బండి దగ్గర స్పెషల్ దోశ అడిగామంటే లాటిన్ మాట్లాడినట్టే. 'స్పెకెరె' నుంచి 'స్పీషీస్' అనే మాట పుట్టింది. మొదట దానికి రూపం, కంటికి కనిపించే తీరు అని అర్థం. తరవాత రకం అయింది. ప్రత్యేకమైన రకం స్పెషల్ అయింది. అదే మాట వర్తకుల నోట సరుకుగా మారి, చివరికి దూరదేశాల నుంచి వచ్చే సుగంధ ద్రవ్యాల పేరుగా నిలిచి స్పైస్ అయింది. అంటే బిర్యానీ స్పైసీగా ఉందన్నప్పుడు నాలుక చెప్పే మాటలోనూ కన్ను దాగి ఉంది.

ఎదురుచూపు, చిన్నచూపు, ముందుచూపు

నేను చదివింది తెలుగు మీడియం. ఇంగ్లిషు మాటల కోసం విడిగా ఒక నోటుబుక్కు ఉండేది. పేజీకి మధ్యలో స్కేలుతో గీత. ఎడమవైపు మాట, కుడివైపు అర్థం. ఎక్స్‌పెక్ట్ అంటే ఆశించు, రెస్పెక్ట్ అంటే గౌరవించు, సస్పెక్ట్ అంటే అనుమానించు. మూడూ మూడు వేర్వేరు పేజీల్లో ఉండేవి. ఆ మూడూ అక్కచెల్లెళ్లని ఎవరూ చెప్పలేదు. పరీక్ష ముందురోజు పడుతూ లేస్తూ బట్టీ పట్టడం, వారం తిరక్కుండానే మరిచిపోవడం. ఇన్నేళ్ల తరవాత ఆ మాటల్ని విప్పి చూస్తే, వాటి అర్థాలన్నీ మన ఇంటి వాకిట్లోనే ఉన్నాయి.

ఎక్స్‌పెక్ట్‌ను విడదీస్తే 'బయటికి చూడటం'. ఊరి నుంచి రావాల్సిన బిడ్డ కోసం తల్లి వాకిట్లో నిలబడి వీధి మలుపు వైపు చూస్తుందే, ఆ చూపు. మనం దాన్ని ఎదురుచూడటం అన్నాం. రెస్పెక్ట్ అంటే 'వెనుదిరిగి చూడటం'. దాటిపోయాక కూడా మళ్లీ ఒకసారి తలతిప్పి చూడదగిన మనిషి అన్నమాట. సస్పెక్ట్ అంటే 'కింది నుంచి చూడటం'. తల వంచుకునే కళ్లు మాత్రం పైకెత్తి, ఎదుటివాణ్ని ఓరగా కనిపెట్టే చూపు. డిస్పైజ్ అంటే 'కిందికి చూడటం', అచ్చంగా మన చిన్నచూపు. ఇన్‌స్పెక్టరంటే లోపలికి చూసేవాడు. కోచింగ్ సెంటర్లలో పిల్లల్ని భయపెట్టే సర్కమ్‌స్పెక్ట్‌కు 'చుట్టూ చూసుకునే' అని అర్థం. ముందూవెనకా చూసుకుని అడుగేసే మనిషి గుణం అది.

ఇక విదేరె సంతానం. లాటిన్‌లో వీడియో అంటే 'నేను చూస్తున్నాను'. ముందుకు చూడటం ప్రొవైడ్ అయింది. రేపటి అవసరాన్ని ఇవాళే చూసినవాడే కదా ఇంట్లో గింజలు నిలవ చేసేది! మన ముందుచూపూ అదే. ఇంటర్వ్యూ అంటే ఒకరినొకరు చూసుకోవడం. పేరును బట్టి చూస్తే ఉద్యోగం అడిగేవాళ్లు కూడా ఎదుటివాళ్లను చూడవచ్చు! సర్వే అంటే పైనుంచి చూడటం. పొలం గట్టున గొలుసు పట్టుకున్న సర్వేయరు, ఆఫీసులో సూపర్‌వైజరు ఒకే మాటకు పుట్టిన అన్నదమ్ములు. ఒకరు ఫ్రెంచి ఇంట్లో పెరిగి వచ్చారు, మరొకరు నేరుగా లాటిన్ ఇంటి నుంచి వచ్చారు.

అన్నిటికన్నా మనకు బాగా తెలిసిన చూపు మరొకటుంది. అసూయకు ఇంగ్లిషులో ఎన్వీ అంటారు. దాని మూలమైన లాటిన్ మాట 'ఇన్‌విదియా'. ఒకరి మీద చెడుచూపు వేయడం దానిలోని అర్థం. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందని నమ్మి, కొత్త ఇంటికి గుమ్మడికాయ కట్టే మనకు ఇది వివరించి చెప్పాలా? దృష్టి అన్న మాటే మన ఇళ్లలో దిష్టి అయింది. రోమనులు, మనం సముద్రాల అవతల ఇవతల ఉండి ఒకే భయాన్ని ఒకే తీరులో పలికాం.

ఒకే వేరు, రెండు తీరాలు

ఇదంతా కాకతాళీయం కాదు. 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ ఒక ప్రసంగం చేశాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్‌ల మధ్య పోలికలు యాదృచ్ఛికం అనుకోలేనంత బలంగా ఉన్నాయనీ, వీటన్నిటికీ ఇప్పుడు లేని ఒక మూలభాష ఉండి ఉండాలనీ అందులో చెప్పాడు. ఆ తరవాత వందేళ్లపాటు పండితులు ఒక్కో మాటనూ పక్కపక్కన పెట్టి పోల్చారు. చూపు మాటల్లో ఆ పోలిక మరింత తేటగా ఉంటుంది.

లాటిన్ విదేరెకూ, మన విద్య, వేదం అన్న మాటలకూ వేరు ఒకటే. చూసినదే తెలిసినది అన్నది అందులోని ఆలోచన. అదే వేరు గ్రీకులో ఐడియా అయింది. ఆ మాటకు మొదటి అర్థం 'కనిపించే రూపం'. ప్లేటో దాన్ని మనసుకు మాత్రమే కనిపించే రూపంగా మార్చాడు. అంటే బడిలో చెప్పే విద్య, ఫోనులో తీసే వీడియో, బుర్రలో మెరిసే ఐడియా, పాస్‌పోర్టు మీద పడే వీసా... ఇవన్నీ ఒకే తల్లి బిడ్డలు.

స్పెకెరెకు మన వైపు చుట్టం 'స్పష్టం'. సంస్కృతంలో స్పశ అంటే గూఢచారి, కనిపెట్టి ఉండేవాడు. ఇంగ్లిషు స్పై కూడా ఆ కుటుంబానిదే. బాగా కనిపించేది స్పష్టం. దర్శనం, దృష్టి, దృశ్యాల వేరు గ్రీకులో మరో దారి పట్టింది. తీక్షణంగా చూడటాన్ని గ్రీకులు 'దెర్కొమై' అన్నారు. కళ్లార్పకుండా గుచ్చి చూసే పాము వాళ్లకు 'ద్రాకోన్' అయింది. ఇంగ్లిషులో అదే డ్రాగన్. దర్శనానికీ డ్రాగన్‌కూ బంధుత్వం ఉందంటే నమ్మడం కష్టం కానీ, చూపే వాటిని కలిపింది.

అక్షి, అంటే కన్ను. దానికి లాటిన్‌లో చుట్టం 'ఓకులుస్', గ్రీకులో 'ఆప్సిస్'. ఇదే వేరు నుంచి వచ్చిన 'ఈక్ష'కు ముందు ఉపసర్గ చేర్చి మనవాళ్లు ఎన్ని మాటలు చేశారో చూడండి. చుట్టూ చూస్తే పరీక్ష, కలిపి చూస్తే సమీక్ష, పట్టించుకోకుండా పక్కన పెట్టి చూస్తే ఉపేక్ష, ఎదురుచూస్తే నిరీక్షణ, పైనుంచి చూస్తే పర్యవేక్షణ. కంటి ముందుది ప్రత్యక్షం, కంటికి అవతలిది పరోక్షం. స్పెక్ట్‌కు ముందు ఇన్, ఎక్స్, రి చేర్చి లాటిన్ చేసిన పనీ ఇదే కదా! ఆహారం, విహారం, సంహారం అని ఉపసర్గల పాఠం వల్లెవేసిన పిల్లల చేతిలో ఇంగ్లిషు తాళంచెవి అప్పటికే ఉంది. అది ఆ తాళానికి పనికొస్తుందని మనమే చెప్పలేదు.

మరి కన్ను, చూపు అన్న మన సొంత మాటలో? అవి ఈ కుటుంబానివి కావు. తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు, మలయాళంలో కణ్ణ్. వీటిది ద్రావిడ వంశం. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, దక్షిణాది భాషలది వేరే కుటుంబమనీ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మొదటిసారి ఆధారాలతో చూపించింది 1816లో, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన పీఠికలోనే. అయినా ఆలోచన దారి మాత్రం ఒకటే. మనమూ కొత్త విషయం తెలిస్తే 'కనుగొన్నాం' అంటాం, కొత్త వస్తువు చేస్తే 'కనిపెట్టాం' అంటాం. వేరు వేరైనా కన్నే జ్ఞానానికి గుమ్మం.

వినడాన్నీ 'చూడటం' అన్నారు

గ్రీకు స్కోపేన్‌కూ లాటిన్ స్పెకెరెకూ మూలం ఒకటే. మధ్యలో ప, క చోట్లు మారాయి. ఇలా మారడం మనకు కొత్తా? తమిళంలో ఉరల్ మన నోట రోలు కాలేదూ!

1609లో గెలీలియో తన దుర్భిణిని ఆకాశం వైపు తిప్పినప్పుడు దానికి స్థిరమైన పేరు లేదు. 1611 ఏప్రిల్‌లో రోములో ఆయన గౌరవార్థం ఇచ్చిన విందులో టెలిస్కోప్ అన్న పేరు వెలుగులోకి వచ్చింది. దూరం, చూడటం అన్న గ్రీకు మాటల్ని కలిపి గ్రీకు పండితుడు దెమిసియానీ దాన్ని కూర్చాడు. చిన్నవాటిని చూసే పరికరాన్ని గెలీలియో 'చిన్ని కన్ను' అని పిలుచుకునేవాడు. 1625లో ఆయన మిత్రుడు జొవాన్నీ ఫాబెర్ దానికి మైక్రోస్కోప్ అని పేరు పెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో అవి దూరదర్శిని, సూక్ష్మదర్శిని అయ్యాయి. తూచినట్టు సరిపోయిన అనువాదాలు. టెలివిజన్ మాత్రం సగం గ్రీకు, సగం లాటిన్. 1900లో పారిస్‌లో జరిగిన విద్యుత్ మహాసభలో కాన్‌స్టాంటిన్ పెర్‌స్కీ దాన్ని వాడాడు. మనకు అది దూరదర్శన్. మన తాతల కాలంలో సినిమాను బయోస్కోపు అనేవారు, అంటే బతుకును చూడటం. 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగు తెర సినిమాస్కోప్ అంత వెడల్పయింది.

ఈ స్కోపుల్లో ఒకటి మాత్రం చూసేది కాదు, వినేది. 1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో రెనె లెనెక్ అనే వైద్యుడి ముందు గుండెజబ్బు లక్షణాలున్న ఒక యువతి ఉంది. అప్పటి పద్ధతి ప్రకారం ఛాతీ మీద చెవి ఆనించి వినాలి. ఆయనకు సంకోచం కలిగింది. పక్కనున్న కాగితాల్ని గట్టిగా గొట్టంలా చుట్టాడు. ఒక కొన ఆమె గుండె దగ్గర, మరో కొన తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. చెవి ఆనించినప్పటికన్నా తేటగా వినిపించింది గుండె చప్పుడు. తరవాత కర్రతో అలాంటి గొట్టమే చేయించి దానికి స్టెతస్కోప్ అని పేరు పెట్టాడు, అంటే 'ఛాతీని చూసేది'. చెవితో వినేదానికి చూపు పేరేమిటని ఇంకెవరైనా అడగవచ్చు కానీ, తెలుగువాళ్లు అడగనక్కర్లేదు. మన వైద్యుడు వేళ్లతో తాకి 'నాడి చూస్తాడు'. అమ్మ చారు 'రుచి చూస్తుంది'. పువ్వు 'వాసన చూస్తాం'. విని చూడు, తిని చూడు, అడిగి చూడు అంటాం. ఏ ఇంద్రియం పని చేసినా చివరికి తేల్చుకోవడం కంటి పేరు మీదే జరుగుతుంది మన భాషలో.

చర్చిలో బిషప్ కూడా ఈ కుటుంబంవారే. గ్రీకులో 'ఎపిస్కోపోస్' అంటే పైనుండి చూసుకునేవాడు. తెలుగు బైబిలు అనువాదకులు ఆ మాటకు ఎంచుకున్నది 'అధ్యక్షుడు'. అధి అంటే పైన, అక్షం అంటే కన్ను. ఎంత చక్కని ఎంపిక!

గుంటూరులో కలిసిన కవలలు

ఈ కథలో మన నేల మీద జరిగిన ఘట్టం ఒకటుంది. గాజు పట్టకంలోంచి సూర్యకాంతిని పంపితే గోడ మీద పరచుకున్న రంగుల పట్టీకి న్యూటన్ స్పెక్ట్రమ్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు 'కనిపించేది, కనబడిన ఛాయ' అని అర్థం. ఆ రంగుల పట్టీని నిశితంగా చూసే పరికరం స్పెక్ట్రోస్కోప్. ఇందులో ముందు సగం లాటిన్, వెనక సగం గ్రీకు. కానీ స్పెకెరె, స్కోపేన్ రెండూ ఒకే వేరు నుంచి పుట్టినవని చూశాం కదా! చిన్నప్పుడు విడిపోయి రెండు దేశాల్లో పెరిగిన కవలలు మళ్లీ ఒకే మాటలో కలుసుకున్నారు.

1868 ఆగస్టు 18 ఉదయం. గుంటూరు మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్, బ్రిటిష్ అధికారి టెనెంట్ బృందం గుంటూరులో పరికరాలు బిగించుకుని కూర్చున్నారు. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పోగ్‌సన్ మచిలీపట్నం చేరాడు. గ్రహణ సమయంలో సూర్యుడి అంచున ఎర్రగా ఎగసే జ్వాలలేమిటన్నది అప్పటికి తేలని ప్రశ్న. పగలు రాత్రిలా మారిన ఆ ఐదు నిమిషాల పైచిలుకు వ్యవధిలో జాన్సెన్ తన స్పెక్ట్రోస్కోప్‌ను ఆ జ్వాలల మీదికి తిప్పాడు. మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి వేడితో వెలిగే వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చని ఆయనకు తట్టింది. మర్నాడు గుంటూరులోనే మామూలు ఎండలో చూశాడు కూడా!

అదే ఏడాది అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా గ్రహణం లేకుండానే ఆ గీతల్ని చూశాడు. ఇద్దరి లేఖలూ ఫ్రెంచి సైన్స్ అకాడెమీకి ఒకే రోజు అందాయి. 1872లో ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేయించారు. ఆ గీతల్లో పసుపుపచ్చగా ఉన్న ఒకటి భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. సూర్యుడి గ్రీకు పేరైన 'హీలియోస్' మీదుగా దానికి హీలియం అని పేరు వచ్చింది. 1895లో విలియం రామ్‌సే భూమ్మీది ఖనిజంలోనే దాన్ని పట్టుకున్నాడు. మన గుంటూరు ఆకాశం కింద ఆ కవల మాట చేసిన పని ఇది.

కంటిపాపలో పాప

కంటి డాక్టరు గదిలో వినిపించే మాటలు కూడా విప్పి చూడదగినవే. దూరంలోవి కనిపించకపోవడం మయోపియా. గ్రీకులో 'మూయడం', 'కన్ను' అన్న మాటలు కలిశాయి అందులో. బోర్డు మీది అక్షరాల కోసం పిల్లవాడు కళ్లు చికిలించడమే దాని పేరు. వయసుతో వచ్చే దగ్గరి చూపు లోపానికి ప్రెస్‌బయోపియా, అంటే ముసలి చూపు అన్నారు వాళ్లు. మనవాళ్లు మరింత మర్యాదగా, నలభై అన్న అర్థంలోంచి 'చత్వారం' తీశారు. కేటరాక్ట్‌కు మూలమైన గ్రీకు మాటకు జలపాతమని అర్థం. ఐరిస్ గ్రీకుల హరివిల్లు దేవత. రెటీనాలో ఉన్నది లాటిన్ వల.

వీటన్నిటిలో నాకు ప్రాణమైన మాట ప్యూపిల్. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఒక పని చేయండి. మీ ఇంట్లో చిన్నపిల్ల ఉంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని, కిటికీ వెలుగులో తన కళ్లలోకి చూడండి. నల్లటి గుండ్రం మధ్యలో ఒక చిట్టి బొమ్మ కనిపిస్తుంది. ఆవగింజంత తల, పక్కన కిటికీ వెలుగు చుక్క. అది మీరే. లాటిన్‌లో 'పూపిల్లా' అంటే చిన్న బొమ్మ, చిన్నారి. గ్రీకులో కంటి నల్లగుండ్రానికీ అమ్మాయికీ ఒకే మాట, 'కోరె'. సంస్కృతంలో కనీనిక, అందులోనూ ఉన్నది కన్యే. ఆ కుటుంబానికి చెందని మన ద్రావిడ భాషల్లో? తమిళంలో పావై అంటే బొమ్మ, కంటి నల్లగుండ్రం కూడా. మనకు కంటిపాప! చుట్టరికం లేని భాషలు కూడా ఒకే చోట ఆగి, ఒకే బొమ్మను చూసి, ఒకే పేరు పెట్టాయి. ఎందుకంటే బిడ్డను ఒళ్లోకి తీసుకుని కళ్లలోకి చూడటం అన్ని దేశాల వాళ్లూ చేసిన పనే.

ఇవి చుట్టాలు కావు!

రూపం కలిసిందని ప్రతి మాటనూ ఈ ఇంట్లో చేర్చకూడదు. డివైడ్‌లో 'విడ్' ఉన్నా దానికి చూపుతో సంబంధం లేదు, వేరుచేయడం దాని మూలం. డివైస్ కూడా ఆ ఇంటిదే. ఆప్టికల్ కంటిదే కానీ ఆప్షన్ కాదు. అది కోరుకోవడం అన్న లాటిన్ మాట బిడ్డ. అనుమానం వస్తే మంచి నిఘంటువులో మాట పుట్టుక చూడటమే మార్గం.

విప్పి చూడనిద్దాం

గ్రీకులో 'థియోరియా' అంటే వెళ్లి చూసి రావడం. ఉత్సవాలనూ దేవతావాక్కునూ చూసి రమ్మని ఊరు పంపిన ప్రతినిధిని 'థియోరోస్' అనేవారు. ఆ మాటలోంచి పుట్టిందే థియరీ. మనవాళ్లు తత్వశాస్త్రాల్ని షడ్దర్శనాలు అన్నారు. అక్కడా ఇక్కడా సిద్ధాంతం అంటే ఒక చూపే.

ఇంత సంపద చేతిలో పెట్టుకుని, మన పిల్లలకు మాటల జాబితాలు ఇస్తున్నాం. జీఆర్‌ఈకి వేల మాటలు, పోటీ పరీక్షలకు వందల మాటలు, అన్నిటికీ కుడివైపు ఒక్క అర్థం. తెలుగు మీడియం పిల్లలైతే ఈ పోటీలో తామే వెనకబడ్డామని నమ్ముతారు. నిజానికి వాళ్ల దగ్గర కన్ను, చూపు అనే ద్రావిడ సంపదా ఉంది, ఈక్ష, దృష్టి, విద్య అనే సంస్కృత సంపదా ఉంది. లాటిన్ మాటను విప్పడానికి కావలసిన పనిముట్లన్నీ ఇంట్లోనే ఉన్నాయి. ఆ సంగతి వాళ్లకు చెప్పకపోవడం మన తప్పు.

రాత్రి మీ అబ్బాయో అమ్మాయో మాటల జాబితా ముందేసుకుని తల పట్టుకుంటే, అప్పజెప్పమని అడగకండి. పక్కన కూర్చోండి. రెట్రోస్పెక్ట్ అని ఉందనుకోండి, ఇందులో నీకు తెలిసిన ముక్క ఏదైనా కనిపిస్తోందా అని అడగండి. కాసేపు ఆగండి. 'స్పెక్ట్... ఇన్‌స్పెక్టర్‌లో ఉన్నదేనా?' అని తనే అంటుంది. 'రెట్రో... పాత పాటలకు అంటారు కదా!' అనీ అంటుంది. వెనక్కి చూడటం అన్న అర్థం మీరు చెప్పక్కర్లేదు. తనే చూస్తుంది. చూసినదాన్ని మరిచిపోవడం కష్టం.